ఫారం సాబు రాసిన కాగితం

ఫారం సాబు పోయాడన్న కబురు నాకు బట్టల దుకాణం సేటు చెప్పాడు. మార్చి నెల. సేటు లెక్కల కాగితాలన్నీ నా బల్ల మీద పరిచి ఉన్నాయి. "ఫారం సాబ్ తెల్లారంగ గుజరిపోయిండట. నమాజుకు లేస్తలేడేందని పోయి చూస్తే పానం లేదట," అన్నాడు. ఆ వెంటనే, "అవునుగని, నా గోదాం కిరాయి యాడ చూపెడుతున్నవ్?" అని అడిగాడు. ఎక్కడ చూపెడుతున్నానో వేలు పెట్టి చూపించాను. ఆయన పని ముగించి, మెట్లదాకా సాగనంపి, తలుపు గొళ్లెం పెట్టుకుని అప్పుడు కూర్చున్నాను.

సాబు గురించి నాలుగు ముక్కలు రాయాలంటే ఈ ఊళ్లో నాకంటే తగనివాడు లేడు. అయినా రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. మెదక్‌లో చాలామందికి ఆ పేరే తెలియదు. ఫారం సాబు అంటే చాలు, రిక్షావాడు నేరుగా తీసుకుపోయి దింపేవాడు.

పోస్టాఫీసు వరండాలో మనియార్డరు కిటికీకి ఎడమ పక్కన గోడకు ఆనించి ఒక బెంచీ ఉండేది. ఆదివారం, శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో పది కొట్టేసరికి సాబు ఆ బెంచీ చివర కూర్చునేవాడు. ఎండైనా వానైనా అదే బూడిదరంగు షేర్వాణీ. బొత్తాములు ఐదింటిలో మూడు ఒక తీరు, రెండు ఒక తీరు. కళ్లద్దాల ఒక కాడ విరిగితే దాని బదులు దారం కట్టి చెవికి చుట్టుకునేవాడు. ఒళ్లో పరీక్ష అట్ట. పక్కన సిరాబుడ్డి, రెండు కలాలు. ఒకటి తాను రాయడానికి, రెండోది ఎదుటివాళ్లు దస్తఖత్తు పెట్టడానికి. ఆ రెండో కలం ఎప్పుడూ కొత్త పాళీతో ఉండేది. తన కలం మాత్రం గీకుతూ, సిరా కక్కుతూ ఉండేది.

ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లల్లో అరవై దాటినవాళ్లు కొందరు చేతిలో ఉన్న నాలుగు రాళ్లూ సర్కారు బాండ్లలో పెట్టుకుని వాటి వడ్డీ మీద బతికేవాళ్లు. ఆ వడ్డీ చేతికి రాకముందే దానిలోంచి ఇన్‌కంటాక్సు కోసుకునేవాళ్లు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లు ఫారం నింపి అడిగితే ఆ కోసుకున్నది తిరిగి ఇస్తారు. అడగకపోతే ఇవ్వరు. ఫారమేమో ఇంగ్లీషులో ఉండేది. అడగవలసినవాళ్లకు వస్తే ఉర్దూ వస్తుంది, లేకపోతే తెలుగు, లేకపోతే వేలిముద్ర. సాబు ఆ ఫారాలు నింపేవాడు. లెక్క చెప్పమని నోటీసు వచ్చి వణికిపోయే ముసలి దుకాణదారులకు ఆ నోటీసు చదివి చెప్పి, జవాబు ఫారం రాసిపెట్టేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. చాయ కూడా తాగేవాడు కాదు. "ఇంట్ల తాగొచ్చిన" అనేవాడు. శివ్వంపేట నుంచి ఒక రైతు సొరకాయ తెచ్చిస్తే, దాన్ని తీసుకుని వెనక నిలబడ్డ ముసలమ్మ చేతిలో పెట్టి, "గిది నీకు, ఆయన ఇచ్చిండు" అన్నాడు. రైతు ముఖం చిన్నబోయింది. ముసలమ్మ దండం పెట్టేసరికి మళ్లీ విప్పారింది.

ఫారం మొదలుపెట్టేముందు ఎదుటి మనిషిని పేరు అడిగేవాడు. ముసలివాళ్లు ఆఫీసుల ముందు పేరు చెప్పాలంటే గొంతు నొక్కుకుంటారు. సాబు కలం ఎత్తి పట్టుకుని, "ఇనబడలే. జర జోరుగ చెప్పుండ్రి. మీ పేరే కదా, దొంగిలించిన సొమ్ము కాదు గద," అనేవాడు. వాళ్లు నవ్వి గట్టిగా చెప్పాకే రాసేవాడు. వేలిముద్ర అంటే ఆయనకు గిట్టేది కాదు. ఎప్పుడో చిన్నప్పుడు నాలుగక్షరాలు నేర్చినవాళ్లయితే వాళ్ల చేత సంతకమే పెట్టించేవాడు. నిజాంపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన పేరు రాయడానికి ఎంతసేపు తీసుకున్నాడంటే, ఆలోపల పోస్టుమాస్టరు రెండుసార్లు బయటికి వచ్చి చూసి పోయాడు. సాబు ఆ కాగితం కొస కదలకుండా వేలితో అదిమి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఏ గడిలోనైనా రాయడానికేమీ లేకపోతే వాళ్లు సిగ్గుపడేవాళ్లు. ఇల్లు లేదు, భూమి లేదు, దుకాణం లేదు. సాబు ఆ గడిలో 'నిల్' అని పెద్ద అక్షరాలతో రాసి, "నిల్ కూడ జవాబే. సర్కార్ అడిగింది, మనం చెప్పినం. సిగ్గెందుకు?" అనేవాడు.

అరవై దాటనివాళ్లకు మాత్రం రాసేవాడు కాదు. ఒకసారి నలభై అయిదేళ్ల కిరాణా దుకాణదారు నడుం వంచి, మూలుగుతూ వచ్చి కూర్చున్నాడు. సాబు కళ్లద్దాల పైనుంచి చూసి, "నడుం జర సీదా చెయ్యి భాయ్. నిన్ననే కదా చక్కెర బస్తా లేపుతుంటే చూసిన. నీకు పైసలున్నయి, బలమున్నది. పో, గా పైన మెట్ల మీద బీకాం బాబున్నడు, ఆయనకాడికి పో," అన్నాడు.

ఆ బీకాం బాబు నేనే. పోస్టాఫీసుకు ఎదురుగా, బట్టల దుకాణం మీది గదిలో నా బోర్డు ఉండేది. పట్నంలో బీకాం చదివి, అక్కడే ఒక ఆడిటరు దగ్గర రెండేళ్లు పనిచేసి, సొంతూళ్లో పెద్దవాణ్ణి అవుతానని వచ్చాను. నా కిటికీలోంచి చూస్తే సాబు బెంచీ కనిపించేది. ఆయన నా దగ్గరికి మనుషులను పంపేవాడు. నేను దాన్ని అలా చూడలేదు. నా దగ్గరికి రావలసినవాళ్లను ఆయన ఆపుతున్నాడనే చూశాను. ఒక్కొక్క ముసలాయన మెట్లెక్కి వచ్చి, నా ఫీజు విని, మోకాళ్లు పట్టుకుంటూ దిగి, రోడ్డు దాటి ఆ బెంచీ దగ్గరికి పోవడం కిటికీలోంచి చూసేవాణ్ణి.

టేక్మాల్ నుంచి ఒక పాత పట్వారీ నా దగ్గర ఫారం రాయించుకున్నాడు. పది రూపాయలిచ్చాడు. మధ్యాహ్నం మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. ఫారం నా ముందు పెట్టి, ఒక గడి పక్కన పెన్సిలుతో పెట్టిన చిన్న చుక్క చూపించాడు. "సాబ్ గిక్కడ ఒక్కపారి చూడుమన్నడు," అన్నాడు. చూశాను. సంవత్సరం తప్పు రాశాను. అలాగే పంపి ఉంటే ఆయనకు పైసా వచ్చేది కాదు. దిద్ది ఇచ్చాను. పట్వారీ కాగితం మడుచుకుంటూ, "పైసలు వాపస్ ఇయ్యకున్న మంచిదే గని, జర నిదానంగ రాయి బిడ్డా," అన్నాడు. అప్పుడు గదిలో ఇద్దరు రైసుమిల్లు యజమానులు కూర్చుని ఉన్నారు. వాళ్లు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే పట్నం పోయి ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఒక టైపు దుకాణంలో ఇంగ్లీషులో కొట్టించాను. మెదక్ పోస్టాఫీసు వరండాలో ఏ అర్హతా లేని వ్యక్తి ఒకడు కూర్చుని, చదువురాని వృద్ధులను, ముఖ్యంగా వితంతువులను మోసగించి వాళ్ల దగ్గర సొమ్ము గుంజుతున్నాడని, సర్కారు ఆవరణను సొంత దుకాణం చేసుకున్నాడని రాశాను. టాక్సు ఆఫీసుకొకటి, తపాలా పైఅధికారులకొకటి వేశాను. రాసేటప్పుడు నాకు చెడ్డపని చేస్తున్నట్టు అనిపించలేదు. వృత్తి మర్యాద కాపాడుతున్నట్టు అనిపించింది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున మెట్ల మీద ఆగి ఆగి పడుతున్న అడుగులు వినిపించాయి. రెండు మెట్లకొకసారి ఆగుతున్నాయి. తలుపు దగ్గర బూడిదరంగు షేర్వాణీ కనిపించేసరికి లేచి నిలబడ్డాను.

"కూసో బేటా, కూసో. నీ పని ఖరాబ్ చేస్తున్న," అన్నాడు సాబు. ఊపిరి సర్దుకున్నాక జేబులోంచి ఒక కవరు తీశాడు. "గిది నాకొచ్చింది. నాకు ఫారం ఇంగ్లీషే వస్తది. పేరు, ఊరు, అవును, కాదు, నిల్. గిది లంబా ఇంగ్లీష్. జర చదివి చెప్పు."

తనమీద వచ్చిన ఫిర్యాదుకు సంజాయిషీ ఇమ్మని అడుగుతూ పంపిన కాగితం అది. ఫిర్యాదు నకలు కూడా జతచేశారు. నా వాక్యాలు నా ముందుకు వచ్చాయి.

తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం చెప్పాను. రెండోదానిలో వితంతువుల మాట దగ్గర ఆగాను. "మిగిలింది గట్లనే ఏదో రాసిండ్రు సాబ్," అన్నాను.

"ఆపకు. ఉన్నది ఉన్నట్టు చదువు. మా కచేరీల మేం గట్లనే చదివేటోళ్లం. తిట్టున్నా చదవాలె," అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చదివాను. మోసగాడు అన్నాను, ఆయన ముఖం మీద. సొమ్ము గుంజుతున్నాడు అన్నాను. ఆయన తల వంచుకుని, తాను ఒకప్పుడు పనిచేసిన పాత తహసీలు కచేరీలో ఎవరి అర్జీనో వింటున్నట్టు విన్నాడు.

"రాసినోని ఇంగ్లీష్ మంచిగున్నదా?" అని అడిగాడు.

"మంచిగనే ఉన్నది."

"చదువుకున్నోడే అయితడు మరి. ఉత్తగనే రాయడు. ఎవలికో నావల్ల నుక్సాన్ అయింది." ఆయన వేళ్లు మడుస్తూ గుర్తు చేసుకోసాగాడు. ఒక వితంతువు వయసు రెండేళ్లు తక్కువ రాశాడట, తర్వాత దిద్దాడట. ఒకాయన ఫారం ఒకరోజు ఆలస్యంగా డబ్బాలో వేశాడట, ఆరోజు జ్వరం వచ్చిందట. ఒకామెను కసిరాడట. "ఆమె కొడుకు పట్నంల నౌకరీ చేస్తడు. ఆయనే రాసిండేమో. రాస్తే రాసిండు, న్యాయమే. నేను ఆమెను కసరొద్దుండె."

నేను చూస్తూ కూర్చున్నాను. నేను చేసిన దాడికి ఆయన తన బతుకంతా వెతికి కారణం సమకూరుస్తున్నాడు.

"గీనికి జవాబు రాసిపెడుతవా బేటా?" అన్నాడు.

ఒక్క పేజీ జవాబు రాస్తే సరిపోయేది. ఊళ్లో నలభైమంది ముసలివాళ్లు దాని కింద సంతకాలు పెట్టేవాళ్లు, వేలిముద్రలు కాదు, సంతకాలే. ఆ సంగతి నాకు తెలుసు. "జవాబెందుకు సాబ్? రాస్తే ఇంకా లంబా అయితది. మీరు అక్కడ కూసునుడు బంద్ చేస్తే వాళ్లే మరిచిపోతరు," అన్నాను.

ఆయన నమ్మాడు. "పోస్టుమాస్టర్ కూడ పాపం మొహమాటపడుతుండు. ఆయనకెందుకు పరేషాని," అన్నాడు. తర్వాత షేర్వాణీ లోపలి జేబులోంచి గుడ్డలో చుట్టిన కాగితాలు తీసి నా బల్ల మీద పెట్టాడు. ఏడుగురివి. సగం రాసినవి, సంతకాలు కావలసినవి. ఒక్కొక్కటీ తీసి ఎవరిదో, ఏం కావాలో చెప్పాడు. చివరిది చేతిలో పట్టుకుని కొంచెం ఆగాడు.

"గిది టీచరమ్మది."

టీచరమ్మ మిషన్ బడిలో ముప్పై ఏళ్లు చెప్పి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. చర్చి వెనక వీధిలో ఒక గదిలో ఉండేది. సాబుకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది ఆమే. నిజాం జమానాలో ఆయన కచేరీలో ఉర్దూ నకళ్లు రాసే గుమాస్తా. కచేరీ భాష మారాక ఆయన అందమైన దస్తూరీకి పని లేకుండా పోయింది, ముందుగానే పింఛను ఇచ్చి ఇంటికి పంపారు. యాభై దాటాక పలకా బలపం పట్టుకుని టీచరమ్మ ముందు కూర్చున్నాడని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

"గా వయసుల ఇంగ్లీషెందుకు నేర్చినవని అందరు అడుగుతరు," అన్నాడు ఆరోజు. "మా అక్కకు బాండ్లుండె. ఒకనాడు ఆఫీసు నుంచి కాగితమొచ్చింది, ఇంగ్లీషుల. ఆమె జప్తు కాగితమనుకున్నది. జైలుకు తీస్కపోతరనుకున్నది. ఎవలికి చూపించలే, నాక్కూడ. మెత్త కింద పెట్టుకున్నది. సరిగ తినలే, సరిగ పండుకోలే. ఏడాదికి పోయింది. పోయినంక మెత్త తీస్తే దొరికింది. చదివిస్తే ఏమున్నది అందుల? 'నీ పైసలు మా కాడ ఉన్నయి, వచ్చి తీస్కపో' అని ఉన్నది."

ఆయన టీచరమ్మ కాగితం నా ముందుకు జరిపాడు. "గిది జర జల్దీ. మార్చి ముప్పై ఒకటి దాక గడువు, దాటితే పైసా రాదు. కండ్లు చూపించుకోనీకె పట్నం పోవాలె ఆమె. నీటికాసులన్నరంట డాక్టర్లు. రాసుడైపోయింది, దస్తఖత్ అయింది. టాక్సు కోసినట్టు సర్టిఫికెట్లు బ్యాంకు నుంచి వస్తయి, జతచేసి పంపు, గంతే. నీ ఫీజెంతో చెప్పు, ఏడుగురిది నేనిస్త. పింఛన్ వస్తది నాకు."

"మీ దగ్గర తీసుకుంటనా సాబ్?" అన్నాను.

ఆయన కళ్లు తడిశాయి. నా తల మీద చెయ్యి పెట్టాడు. ఉర్దూలో ఏదో దువా చేశాడు. ఆ చెయ్యి బరువు తెలుస్తూనే ఉంది. అయినా నోరు విప్పలేదు.

మిగిలిన ఆరుగురి పనీ చేశాను. చేశానని చెప్పుకోవడానికి చేశాను. టీచరమ్మ సర్టిఫికెట్లు మార్చి రెండో వారంలో వచ్చాయి. వాటిని ఆమె ఫారంతో కలిపి బల్ల కుడి పక్కన పెట్టాను. ఆ పైన రైసుమిల్లు కాగితాలు వచ్చి పడ్డాయి. మరిచిపోయానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ నెలలో రెండుసార్లు ఆ ఫారం చేతికి తగిలింది. రెండుసార్లూ ఇది పైసా రాని పని కదా, రేపు చూద్దామని కిందికి తోశాను. మూడోసారి తగిలినప్పుడు ఏప్రిల్ అయిదో తారీఖు.

అయినా పంపాను. గడువు దాటిందని ఒక్క వాక్యంతో తిరిగి వచ్చింది.

ఏప్రిల్ చివర సాబు మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. ఈసారి ప్రతి మెట్టుకూ ఆగాడు. "టీచరమ్మది ఏమన్న తెలిసిందా?" అన్నాడు, కూర్చోకముందే.

ఆ తిరిగొచ్చిన కాగితం నా సొరుగులోనే ఉంది. "మంజూరు కాలే సాబ్," అన్నాను. ఆ తర్వాతి మాట ఎలా వచ్చిందో తెలియదు. ఎవరూ అడగలేదు, ఎవరూ తరమలేదు. "ఫారంల తప్పున్నదట."

ఆయన కుర్చీ వీపు పట్టుకున్నాడు. "ఏ ఖానాల?"

ఏదో ఒకటి చెప్పాలి. "తొమ్మిదో ఖానాల."

కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. మొదటి గడి నుంచి ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటున్నాడని అర్థమైంది. "తొమ్మిది... మూడుసార్లు చూసిన బేటా," అన్నాడు చివరికి. "చూపెట్టు, యాడ తప్పిందో చూస్త."

"కాగితం వాళ్లే పెట్టుకున్నరు."

"సరే. వాళ్లు అబద్ధం రాయరు కదా. గలతీ నాదే. ఉమర్ అయింది, కండ్లు మోసం చేస్తున్నయి." పోతూ తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు. "నీకు తక్లీఫ్ ఇచ్చిన. మాఫ్ చెయ్యి."

ఆ రోజు నుంచి ఆయన మళ్లీ ఫారం ముట్టుకోలేదు. పోస్టాఫీసు బెంచీ ఎలాగూ పోయింది. అప్పటిదాకా ఇంటికి వచ్చినవాళ్లకు రాసిపెట్టేవాడు. ఇక అది కూడా మానేశాడు. ఎవరైనా బతిమాలితే, "నా చెయ్యి మంచిది కాదు. బీకాం బాబుకాడికి పోండ్రి," అని చెప్పేవాడట. వాళ్లు వచ్చారు. నేను ఫీజు తీసుకున్నాను. నా బోర్డు కొత్తది రాయించాను.

టీచరమ్మకు పట్నం ఖర్చులు తానిస్తానని సాబు పోరాడాడట. ఆమె ఒప్పుకోలేదు. వచ్చే ఏడు చూసుకుందాం అంది. మరుసటి ఏడు పట్నం పోయేసరికి ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కన్నుకు వెలుతురు, నీడ తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పటినుంచి ఏడేళ్లపాటు నా కిటికీలోంచి చూసిన సంగతి ఒకటి చెప్పాలి. రోజూ సాయంత్రం నాలుగు దాటాక ఫారం సాబు ఇంగ్లీషు పత్రిక చంకలో పెట్టుకుని చర్చి వైపు నడిచి పోయేవాడు. టీచరమ్మకు చదివి వినిపించడానికి. ఒకసారి పనిమీద ఆ వీధిలో పోతూ విన్నాను. ఆయన ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, తప్పు పలికిన చోటల్లా, "మళ్లా చదువుండ్రి," అంటోంది. ఆయన మళ్లీ చదువుతున్నాడు. చెయ్యని తప్పుకు కట్టే జరిమానా అది. గోడ పక్కన నిలబడి విని, చప్పుడు కాకుండా వెనక్కి తిరిగాను. లోపలికి పోయి ఒక్క మాట చెబితే ఆయన భుజాల మీద నుంచి ఆ బరువు దిగిపోయేది. ఆ ఏడేళ్లలో అలాంటి సాయంత్రాలు ఎన్ని దొరికాయో లెక్కలేదు. ప్రతిదానికీ నా దగ్గర ఒక సాకు ఉంది. సేటు వచ్చాడు, వాన పడింది, ఇప్పుడెందుకులే పాత సంగతి.

సేటు చెప్పిన రోజున మధ్యాహ్నం జనాజా లేచింది. వెనక నడిచాను. ముందు వరసలో భుజం పట్టడానికి పడుచువాళ్లున్నారు. వెనక మాత్రం అంతా ముసలివాళ్లే, టోపీలవాళ్లు, తలపాగాలవాళ్లు, చేతికర్రలవాళ్లు. టేక్మాల్ పట్వారీ కూడా వచ్చాడు. నన్ను చూసి, "గిసుంటి మనిషి మళ్ల పుట్టడు," అన్నాడు. నేను తలూపాను. మూడు పిడికిళ్ల మట్టి వేశాను. అక్కడినుంచి ఇంటికి పోకుండా చర్చి వెనక వీధికి పోయాను.

టీచరమ్మ గడప లోపల కుర్చీలో కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకు తల తిప్పి, "ఎవలు?" అంది. చెప్పాను. "నువ్వా బిడ్డా. మట్టి చేసి వచ్చిండ్రా?" అంది.

"చేసినమమ్మా."

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. "మీ ఫారం సంగతి. ఎనిమిదేండ్ల కింద మంజూరు కాలేదు కదా. అందుల తప్పు లేకుండె. నేను గడువు దాటినంక పంపిన. సాబ్‌కు అబద్ధం చెప్పిన."

ఆమె ముఖంలో నేను ఎదురుచూసిందేదీ కనిపించలేదు. "ఒక్క తప్పు కూడ లేకుండెనా?" అంది.

"ఒక్కటి కూడ లేదు."

"నాకు తెలుసు," అంది. "దస్తఖత్ పెట్టే ముందు నేనే దిద్దిన. రెండుసార్లు దిద్దిన. కన్ను కనబడంగ నేను దిద్దిన ఆఖరు కాగితం గదే."

"మరి సాబ్‌కు చెప్పలేదా అమ్మా?"

"ఎందుకు చెప్పలే? ఎన్నిసార్లు చెప్పిన! తప్పు లేదు సాబ్, నేను చూసిన, నేను టీచర్ను అని చెప్పిన. ఇనలే. 'చదువుకున్న పిల్లగాడు చెప్పిండమ్మా, ఆయనకు అబద్ధమాడే అవసరమేమున్నది' అన్నడు. నిన్న పొద్దుమూకి కూడ పోయేటప్పుడు, మాఫ్ చెయ్యి టీచరమ్మా అనే పోయిండు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆమె ఆ చప్పుడు పోయేదాకా ఆగింది.

"ఇంకేమన్న ఉన్నదా బిడ్డా, చెప్పేది?"

ఉంది. ఉత్తరం ఉంది. ఆయన్ని ఆ బెంచీ మీద నుంచి లేపిన ఉత్తరం. అది చెప్పాలనే పోయాను, నిజంగా. ఆమె చూపులేని కళ్లు నావైపే తిరిగి ఉన్నాయి. వాటికి నా ముఖం కనబడదు కదా అన్న ధైర్యం ఒకటి నాలో లేచింది.

"ఏం లేదమ్మా," అన్నాను.